నాన్న పుట్టినరోజుకు ఏం ఇవ్వాలి? ‘నాకేం వద్దు’ అనే నాన్నకు గిఫ్ట్ ఎంచుకోవడం ఎలా

“నాన్న పుట్టినరోజు దగ్గర పడుతోంది. ఏం కావాలని అడిగితే నాకేం వద్దంటారు. ఏం కొనాలో తోచక టెన్షన్‌గా ఉంది.” ఈ మాట నాతో చాలామంది అన్నారు, ఇప్పటికీ అంటూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే, నేను చాలాకాలంగా పాటిస్తున్న పద్ధతిని ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. చాలామంది షాపులోనో ఆన్‌లైన్‌లోనో వెతకడం మొదలుపెడతారు. అక్కడ కనిపించేవన్నీ ఏ నాన్నకైనా ఇవ్వదగ్గ వస్తువులే. మీ నాన్నకు ఏది కావాలో అక్కడ తెలియదు. ఆయన ఇప్పుడు వాడుతున్న వస్తువులు చూడండి. నూటికి తొంభై సార్లు గిఫ్ట్ అక్కడే దొరుకుతుంది.

కావలసినవి

- మూడు వారాల సమయం. తక్కువ ఉంటే చివర్లో వేరే దారి చెప్పాను.
- ఒక చిన్న నోట్‌బుక్, లేదా ఫోన్‌లో ఒక నోట్.
- కొలత టేపు.
- ఇంట్లో గుట్టుగా సాయం చేసే ఒక మనిషి. అమ్మ కావచ్చు, అక్క కావచ్చు, నాన్న స్నేహితుడు కావచ్చు.
- ముందే అనుకున్న బడ్జెట్. దీన్ని ఇప్పుడే కాగితం మీద రాసుకోండి. వస్తువు చూశాక అనుకుంటే అది పెరుగుతూనే పోతుంది.

1. ఒక వారం కేవలం గమనించండి

ఈ వారంలో ఏమీ కొనకండి, ఏమీ అడగకండి. ఆయన రోజు ఎలా గడుస్తోందో చూస్తూ ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు రాసుకోండి.

- ఏ వస్తువును అతికించో, దారం కట్టో, ఏదో సర్దుకుని వాడుతున్నారు?
- ఏ పనిని ఎన్నాళ్లుగానో “తర్వాత చూద్దాంలే” అంటున్నారు?
- ఎక్కడ కళ్లు చిట్లిస్తున్నారు, ఎక్కడ కాగితాన్ని దూరంగా పెట్టి చదువుతున్నారు, ఎక్కడ “ఏంటీ?” అని రెండోసారి అడుగుతున్నారు?
- ఏ సంగతి వస్తే ఆయన మాట ఆగదు?

“పుస్తకాలంటే ఇష్టం” అని రాసుకుంటే దేనికీ పనికిరాదు. “రాత్రి చదివేటప్పుడు దీపం వెనకనుంచి పడి, పుస్తకం మీద ఆయన నీడే పడుతోంది” అని రాసుకుంటే గిఫ్ట్ దొరికినట్టే. మెడ వంగే చిన్న టేబుల్ లైటు చాలు. రాసుకున్నది ఎంత చిన్న వివరమైతే గిఫ్ట్ అంత సరిగ్గా కుదురుతుంది.

నాన్న వేరే ఊళ్లో ఉంటే వీడియో కాల్‌లో ఈ గమనింపు సగమే కుదురుతుంది. మిగతా సగం ఆయనతో ఉన్నవాళ్లను అడగండి. “ఈమధ్య నాన్న దేని మీద విసుక్కుంటున్నారు?” అన్న ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు, “నాన్నకు ఏం ఇష్టం?” అనే ప్రశ్నకు వచ్చేదానికంటే ఎంతో మేలు.

2. ‘నాకేం వద్దు’ అనే మాట వెనక ఏముందో చూడండి

అందరు నాన్నలూ ఈ మాటను ఒకే అర్థంతో అనరు. కొందరికి నిజంగానే వస్తువులు ఎక్కువైపోయి ఉంటాయి. ఇంకొకటి తెస్తే ఎక్కడ పెట్టాలన్నది వాళ్లకు బరువు. కొందరు మీ డబ్బు ఖర్చవుతుందని అంటారు. ఇంకొందరికి జీవితమంతా ఇవ్వడమే అలవాటు కాబట్టి, తీసుకోవడం ఇబ్బందిగా ఉంటుంది.

మొదటి రకం నాన్నకు కొత్త వస్తువు వద్దు. ఉన్నది బాగుచేయించండి, లేదా మీ సమయం ఇవ్వండి. రెండో రకం నాన్నకు ఖరీదు తక్కువగా, శ్రమ ఎక్కువగా ఉన్న గిఫ్ట్ నచ్చుతుంది. మూడో రకం నాన్నను మీరు ఏదైనా నేర్పమని అడగండి. ఆయనకు బాగా వచ్చిన పని ఏదైనా సరే, దానికి కావలసిన సామాను కొని, “రెండు ఆదివారాలు నాకు నేర్పండి” అని ఇవ్వండి. తీసుకుంటున్నానన్న ఇబ్బంది ఆయనకు ఉండదు.

అడగాలనుకుంటే “ఏం కావాలి?” అని మాత్రం అడగొద్దు. “ఉద్యోగంలో చేరిన కొత్తలో మొదట ఏం కొనుక్కున్నారు?”, “పోగొట్టుకున్నందుకు ఇప్పటికీ బాధపడే వస్తువు ఏదైనా ఉందా?” అని అడగండి. వీటికి జవాబు చెప్పడం ఆయనకు కష్టం కాదు.

ఒకవేళ ఆయనే ఫలానాది కావాలని నోరు తెరిచి చెప్తే ఇంకేం ఆలోచించకుండా అదే కొనండి. సర్‌ప్రైజ్ పోతుందని బాధపడొద్దు.

3. బాగుచేయించాలా, మార్చాలా, కొత్తది ఇవ్వాలా?

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఈ అడుగులోనే, కాబట్టి ఇక్కడ నిదానించండి.

నాన్న దగ్గర ఒక పాత వస్తువు ఉంది. చిరిగిన పర్సు, గీతలు పడ్డ గడియారం, పిడి వదులైన పనిముట్టు, ఏదైనా సరే. దాన్ని చేతిలోకి తీసుకుని మామూలుగా “ఇది ఎక్కడిది నాన్నా?” అని అడగండి. “ఏదో ఉంది, వాడుతున్నా” అంటే ఖర్చెందుకని దాంతో సరిపెట్టుకుంటున్నారన్నమాట. కొత్తది కొనండి. ఒక కథ మొదలైతే, అంటే ఎవరిచ్చారో, ఎప్పుడు కొన్నారో చెప్పడం మొదలుపెడితే, దాని స్థానంలోకి కొత్తదాన్ని తీసుకురావద్దు. దాన్నే బాగుచేయించండి.

ఈ తేడా నాకు ఒక గడియారంతో తెలిసింది. మా నాన్న గడియారం అద్దం మసకబారిందని నేను చూడటానికి బాగున్న కొత్తది కొన్నాను. నల్ల డయల్ మీద సన్నటి బూడిదరంగు ముళ్లు. రెండు రోజులు నాకోసం పెట్టుకున్నారు. మూడో రోజు పాతదే చేతికి కనబడింది. కొత్తదాంట్లో టైము ఆయనకు కనిపించడం లేదని, పాతది ఆయన మొదటి జీతంతో కొన్నదని ఆ తర్వాతే అడిగి తెలుసుకున్నాను. పాతదానికి అద్దం మార్పించి, సర్వీసింగ్ చేయించి, కొత్త స్ట్రాప్ వేయించి ఇచ్చిన రోజు ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. ఆ ముఖం నాకు ఇంకా గుర్తుంది.

హెచ్చరిక: బాగుచేయించడానికి తీసుకెళ్లే ముందు వస్తువును అన్నివైపులా ఫోటో తీయండి. “పాత భాగాలు తిరిగి ఇవ్వండి, పైన పాలిష్ చేయొద్దు” అని ముందే చెప్పండి. కొన్ని గీతలు ఆయనకు గుర్తులు. రిపేరుకు ఎన్ని రోజులు పడుతుందో అడిగి, దానికి ఇంకో వారం కలిపి లెక్కేసుకోండి. రోజూ వాడే వస్తువైతే గుట్టుగా తీసుకెళ్లడం కుదరదు. అప్పుడు సర్‌ప్రైజ్ వదిలేసి ఆయనకు చెప్పే తీసుకెళ్లండి.

4. వస్తువు కొంటుంటే కొలతలు, కళ్లు, చెవులు, వేళ్లు

వయసుతో వచ్చే మార్పులు రెండు మూడు గుర్తుపెట్టుకుంటే చాలు. నలభై దాటాక దగ్గరి వస్తువులు స్పష్టంగా కనిపించడం తగ్గుతూ వస్తుంది. వయసు వల్ల వచ్చే వినికిడి లోపంలో సాధారణంగా ముందు సన్నటి, కీచుమనే శబ్దాలు వినబడటం తగ్గుతుంది. వేళ్లకు చిన్న మీటలు, బిగుతైన హుక్కులు కష్టమవుతాయి. ఏ వస్తువైనా కొనేముందు ఈ మూడూ ఆలోచించండి.

గడియారం: తెల్ల డయల్ మీద నల్ల అంకెలు, లేదా దానికి పూర్తిగా తిరగేసినట్టు ఉన్నవి బాగా కనిపిస్తాయి. స్ట్రాప్ ఒక్కటే కొంటుంటే, గడియారం చెవుల (స్ట్రాప్ తగిలించే రెండు కొమ్ముల) మధ్య దూరం కొలవండి. ఎక్కువగా 18, 20, 22 మిల్లీమీటర్లు ఉంటుంది. ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా సరిగ్గా కూర్చోదు. వెనక 30 మీటర్లు అని రాసి ఉంటే నీటి తుంపర్లకు తట్టుకుంటుందని మాత్రమే అర్థం. ఈత కొట్టే నాన్నకైతే 100 మీటర్లది చూడండి.

చొక్కా: ఆయన ఈమధ్య ఎక్కువగా వేసుకుంటున్న చొక్కా తీసి, గుండీలు పెట్టి, నేలమీద పరిచి కొలవండి. చంక కింద ఈ కుట్టునుంచి ఆ కుట్టుకు ఎంతుందో చూసి రెండింతలు చేస్తే ఛాతీ కొలత. భుజం, చేయి, కాలర్ కూడా కొలవండి. బీరువాలో అడుగున ఉన్న చొక్కా కొలవొద్దు, అది పదేళ్ల కిందటి నాన్నది. లోపల ఉన్న సైజు నంబరును కూడా పూర్తిగా నమ్మొద్దు, కంపెనీని బట్టి మారిపోతుంది.

చెప్పులు, బూట్లు: వీటిని సర్‌ప్రైజ్‌గా ఇవ్వొద్దనే నా సలహా. పాదాలు సాయంత్రానికి కాస్త ఉబ్బుతాయి. వయసుతో వెడల్పవుతాయి. రెండు పాదాలూ ఒకే కొలత ఉండటం కూడా అరుదే. ఆయన్ను సాయంత్రం పూట తీసుకెళ్లి, పెద్ద పాదానికి సరిపోయేది, వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత జాగా ఉండేది కొనండి.

ఫోన్, ట్యాబ్, మరే ఎలక్ట్రానిక్ వస్తువైనా: డబ్బా మూతతో సహా అలాగే చేతికివ్వొద్దు. రెండు రోజుల ముందే తెరిచి, పూర్తిగా చార్జ్ చేసి, అక్షరాల సైజు పెంచి, రింగ్ గట్టిగా వినిపించేలా పెట్టి, ఆయన రోజూ మాట్లాడే నంబర్లు ముందు తెరమీదే ఉంచండి. పాత ఫోన్ కనీసం ఒక నెల ఆయన దగ్గరే ఉండనివ్వండి. అందులోని ఫోటోలు, మెసేజ్‌లు కొత్తదాంట్లోకి వచ్చాయని ఆయన కళ్లతో చూసేవరకు దాన్ని ఖాళీ చేయొద్దు.

పర్సు: పాతదాంట్లో ఏమేం పెడతారో చూడండి. ఆయన పెట్టుకునే కార్డులు, ఫోటోలు, మడిచిన కాగితాలు అన్నీ పట్టాలి. ప్యాంటు జేబులో పడుతుందో లేదో కూడా కొలవండి.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. బీపీ మెషిన్, చేతికర్ర, వినికిడి యంత్రం, మోకాలి పట్టీ వంటివి అవసరమైతే తప్పకుండా కొనివ్వండి, కానీ పుట్టినరోజున వద్దు. ఆ రోజు వాటిని అందుకుంటే ‘నువ్వు ముసలివాడివయ్యావు’ అన్నట్టుంటుంది. మామూలు రోజున కొనండి. బీపీ మెషిన్ కొనేటప్పుడు మణికట్టుకు పెట్టేదికాక పై చేతికి పట్టీ కట్టేది తీసుకోండి. పట్టీ సైజు చేతి చుట్టుకొలతకు సరిపోవాలి, లేకపోతే రీడింగ్ తప్పు చూపిస్తుంది.

5. జ్ఞాపకాలతో గిఫ్ట్ చేయాలనుకుంటే

వస్తువు ఏదీ తట్టనప్పుడు నేను మొదట చెప్పేది పాత ఫోటోలే. ఆయన చిన్నప్పటివి, ఆయన అమ్మానాన్నలవి, స్నేహితులతో ఉన్నవి. మన ఫోటోలు ఆయన చాలానే చూశారు. ఆయన ఒకరి కొడుకుగా, ఒకరి స్నేహితుడిగా ఉన్న ఫోటో తెచ్చి ఇస్తే వచ్చే సంతోషం వేరు.

బంధువుల ఇళ్లలో అడగండి. ఫోటోను ఫోన్ కెమెరాతో తీస్తే వెలుతురు మెరుపు పడుతుంది, అంచులు వంకరవుతాయి. స్కాన్ చేయించండి. పెద్దది చేయించాలనుకుంటే 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) అని అడగండి. 4×6 అంగుళాల ఫోటోను అలా స్కాన్ చేస్తే 2400×3600 పిక్సెళ్లు వస్తాయి. దాన్ని 8×12 అంగుళాల వరకు బాగా ప్రింట్ చేయవచ్చు. నెగటివ్ దొరికితే ఇంకా మంచిది, వివరాలు ఎక్కువ ఉంటాయి. దూరంగా ఉన్నవాళ్లు వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమని చెప్పండి. మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది.

పాత ఫోటోలను తడిగుడ్డతో తుడవొద్దు. అద్దానికి అతుక్కుపోయిన ఫోటోను లాగొద్దు, అద్దంతోనే స్కాన్ చేయండి. ఆల్బమ్ జిగురు పేజీకి అంటుకుంటే పేజీ మొత్తాన్ని స్కాన్ చేయండి. ఫ్రేము కట్టించేది కాపీకే. అసలు ఫోటోను ఎండ తగలని చోట భద్రంగా ఉంచండి.

ఫోటో వెనక పేర్లు, ఊరు, సంవత్సరం రాయాలి. అవి మీకు తెలియకపోతే ఖాళీగా వదిలి, పుట్టినరోజున నాన్న చేత చెప్పించుకుని రాయండి. ఆ గంటసేపూ ఆయన చెప్పేదంతా ఫోన్‌లో రికార్డ్ చేయండి. ఫ్యాన్ ఆపి, ఫోన్‌ను చేతికందే దూరంలో బల్లమీద పెట్టి, మధ్యలో కాల్ రాకుండా ఫ్లైట్ మోడ్‌లో ఉంచితే మాట స్పష్టంగా వస్తుంది. రికార్డ్ చేస్తున్నామని ఆయనకు ముందే చెప్పండి. ఆ రాత్రే రెండు వేర్వేరు చోట్ల కాపీ చేసి పెట్టండి. ఒక్క ఫోన్‌లోనే ఉన్నది లేనట్టే లెక్క.

6. సమయమే గిఫ్టుగా ఇస్తే

సిండీ చాన్, క్యాసీ మోగిల్నర్ అనే ఇద్దరు పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో, వస్తువుకంటే అనుభవాన్ని గిఫ్టుగా అందుకున్నవాళ్లు ఇచ్చినవాళ్లకు మరింత దగ్గరైనట్టు తేలింది. ఇద్దరూ కలిసి ఆ అనుభవంలో పాల్గొనకపోయినా అలాగే ఉందట.

అయితే “ఎప్పుడైనా ఎక్కడికైనా వెళ్దాం నాన్నా” అనేది గిఫ్ట్ కాదు. తేదీ ఉండాలి, టికెట్ ఉండాలి, మీ సెలవు మంజూరై ఉండాలి. ఆయన ఎంతసేపు నడవగలరు, ఎంతసేపు కూర్చోగలరు, మందుల వేళలేమిటి అన్నవి ముందే చూసుకోండి. వెళ్లే చోటు మీకు కాదు, ఆయనకు ఇష్టమైనదై ఉండాలి. చదువుకున్న బడి, మొదట పనిచేసిన చోటు, ఎన్నేళ్లుగానో కలవని స్నేహితుడి ఇల్లు వంటివి పెద్ద యాత్రలకంటే బాగా నచ్చుతాయి.

7. అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములతో కలిసి ఇస్తే

ఒక్కరే కొనాలి, మిగతావాళ్లు వాటా పంపాలి. ఎవరెంత ఇచ్చారో నాన్నకు తెలియకూడదు. ఇంతకంటే నియమాలు అక్కర్లేదు.

8. ఒక ఉత్తరం జతచేయండి

ఐదు వరుసలు చాలు. “ప్రపంచంలోనే గొప్ప నాన్న” వంటి మాటలు వద్దు, అవి ఏ కార్డు మీదైనా ఉంటాయి. మీకు గుర్తుందని ఆయన అనుకోని ఒక సంఘటన రాయండి. జ్వరం వచ్చిన రాత్రి ఆయన ఎక్కడ కూర్చున్నారు, సైకిల్ నేర్పేటప్పుడు చేయి ఎప్పుడు వదిలారు, పరీక్ష తప్పినప్పుడు ఏమన్నారు. ఇంట్లో ‘నువ్వు’ అంటే నువ్వనే, ‘మీరు’ అంటే మీరనే రాయండి. చేత్తో, పెద్ద అక్షరాలతో రాయండి. రాశాక ఒకసారి పైకి చదివి చూసుకోండి. మీరు నోటితో అనని మాట ఏదైనా ఉంటే కొట్టేయండి.

9. ఇచ్చే తీరు

అందరి ముందూ తెరిపించడం చాలామంది నాన్నలకు ఇబ్బంది. పొద్దున్నే, ఇల్లు సందడెక్కక ముందు, పక్కన కూర్చుని ఇవ్వండి. ఉత్తరాన్ని మీ ఎదురుగా చదవమని బలవంతం చేయొద్దు. “ఎంతైంది?” అని అడుగుతారు, దానికి ముందే జవాబు సిద్ధం చేసుకోండి. అబద్ధం చెప్పొద్దు. “మాకు ఇబ్బంది లేనంతలోనే కొన్నాం నాన్నా” అంటే చాలు. బిల్లు, వారంటీ కాగితాలు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి, మార్చుకోవడానికి గడువు ఎప్పటివరకో కూడా రాసి పెట్టుకోండి.

తరచూ జరిగే పొరపాట్లు

- మీకు నచ్చింది ఆయనకు కొనడం. “ఇది నాకే ఎవరైనా ఇస్తే బాగుండు” అనిపించిందంటే మళ్లీ ఆలోచించండి.
- ఆయన్ను మార్చే గిఫ్టులు. ఒకరోజు కూడా వ్యాయామం మాటెత్తని నాన్నకు జిమ్ సభ్యత్వం ఇవ్వడం గిఫ్ట్ కాదు, సలహా.
- కొత్తది ఇచ్చి, పాతదాన్ని ఆయనకు చెప్పకుండా పారేయడం. దీన్ని మాత్రం ఎప్పటికీ చేయొద్దు.
- ఆయనకు పని పెంచేవి. పెంపుడు జంతువు, రోజూ శుభ్రం చేయాల్సిన యంత్రం, నెలనెలా చందా కట్టాల్సిన సర్వీసు, ఇవన్నీ ముందు అడగకుండా వద్దు.
- ఆయన అభిరుచికి ఖరీదైన సామాను తెలియకుండా కొనడం. చేపలు పట్టే నాన్నకు గాలం గురించి మీకంటే ఎక్కువ తెలుసు. అలాంటప్పుడు ఆయనతోపాటు కొనేవాళ్లను అడగండి, లేదా ఆయన వాడే రకమే ఇంకొకటి తీసుకోండి.

రెండు రోజులే ఉంటే

ఫోన్‌లో ఉన్నవాటిలోంచి ఒక్క మంచి ఫోటో ప్రింట్ తీయించండి, ఉత్తరం రాయండి, కలిసి వెళ్లే చోటుకు తేదీ రాసి ఇవ్వండి. హడావిడిలో ఏదో ఒకటి కొనడంకంటే ఈ మూడూ కలిస్తే మేలు.

నాన్నతో కొన్నాళ్లుగా మాటలు సరిగా లేకపోతే చిన్నదే పంపండి. అందులో పాత గొడవ ఎత్తొద్దు, జవాబు ఆశించొద్దు. జ్ఞాపకశక్తి తగ్గుతున్న నాన్నకైతే పరిచయమైన ముఖాల ఫోటోలు, కింద పెద్ద అక్షరాల్లో పేర్లు ఉన్న ఆల్బమ్ ఇవ్వండి. “వీళ్లెవరో గుర్తుపట్టండి” అని పరీక్ష పెట్టకుండా, మీరే పేర్లు చెబుతూ కలిసి చూడండి.

సరిగ్గా కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది?

పుట్టినరోజున “బాగుంది” అన్న మాటను లెక్కలోకి తీసుకోవద్దు. ఏ నాన్నయినా అంటారు. ఒక నెల ఆగి, వస్తువు ఎక్కడుందో చూడండి. చేతికందే చోట ఉంటే, దాని మీద కొత్త గీతలు పడితే, కుదిరినట్టే. డబ్బాలో, కవరు కూడా తీయకుండా బీరువాలో ఉంటే రెండు కారణాలుండొచ్చు. వాడటం కష్టంగా ఉండొచ్చు, లేదా పాడవుతుందని దాచుకుని ఉండొచ్చు. “మీకు వాడటానికి ఏమైనా ఇబ్బందిగా ఉందా నాన్నా?” అని నిందలా కాకుండా అడగండి. ఇబ్బందైతే గడువులోపు మార్చేయండి, లేదా పక్కన కూర్చుని ఒకసారి వాడి చూపించండి. దాచుకుంటున్నారని తేలితే మీ చేత్తో మీరే డబ్బా తీసి, ఆయన రోజూ కూర్చునే చోట పెట్టండి. ఇంటికి వచ్చినవాళ్లకు ఆయన దాన్ని చూపించారేమో అమ్మనడగండి.

తేలిన సంగతంతా ఆ నోట్‌బుక్‌లోనే, తేదీ వేసి రాసుకోండి. వచ్చే ఏడాది మొదటి పేజీ అదే అవుతుంది.